ఫ్యూజ్డ్ గాజును రెజిన్‌తో అద్దంపై అతికించేటప్పుడు పగుళ్లు రాకుండా చూసుకోవడం: విశాఖ వాతావరణానికి తగిన సమగ్ర మార్గదర్శి

రంగు గాజు ముక్కలను ఫర్నేసులో కరిగించి ఒకే పలకగా చేసిన ఫ్యూజ్డ్ గాజును, దన్నుగా ఉండే ఒక టఫెండ్ (వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన) అద్దంపై, ఆరాక బిగిసే ద్రవ జిగురైన రెజిన్‌తో పరిచి తలుపుల్లోను, కిటికీల్లోను, గదుల మధ్య తెరల్లోను అమర్చే పని మన నగరంలోనూ ఇప్పుడు కనిపిస్తోంది. నేను చేసిన మొదటి పెద్ద పలక ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్‌లో పూజగది తలుపుకు వెళ్లింది. చెక్క బల్లల మీద పోసే గట్టి ఎపాక్సీ రెజిన్ చేతిలో ఉండడంతో దానితోనే అతికించాను. పదకొండో రోజున, సంక్రాంతి ముందరి చలి తెల్లవారుజామున, ఆ ఇంటావిడ దీపం పెట్టడానికి వెళ్లేసరికి పలక అడుగు అంచు నుంచి పైకి బీట వారి ఉంది. టార్చి వేసి చూస్తే రెజిన్ తగిలిన వైపు గాజు నుంచి చేప పొలుసుల్లాంటి పెచ్చులు లేచి, రెజిన్‌కే కరుచుకుని ఉన్నాయి. జిగురు ఊడిపోలేదు, గాజునే ఊడబెరికింది.

ఇది వింత కాదు. గరుకు చేసిన గాజుపై పశుచర్మంతో తయారైన జిగురు పూసి ఆరబెట్టి, అది ముడుచుకుంటూ పైపొరను పెచ్చులుగా లాగేసేలా చేసి, మంచు పువ్వుల్లాంటి నగిషీ తెప్పించే పాత పద్ధతి ఒకటి ఉంది. వాళ్లు కావాలని చేసే పనిని నేను తెలియక చేశాను. ఆ తరువాత కొనే ప్రతి రెజిన్ డబ్బా మీద అది ఎంత గట్టిగా అంటుకుంటుందో చూడడం మానేసి, ఆరాక ఎంత మెత్తగా మిగులుతుందో చూడడం మొదలుపెట్టాను. ఈ వ్యాసంలోని సూచనలకు మూలం అదే.

పగులును చదవడం

పాత పలక ఏదైనా పగిలి ఉంటే దాన్ని పారేయకండి, ఎందుకంటే పగులు ఆకారమే కారణాన్ని చెబుతుంది. అంచు దగ్గర సరిగ్గా లంబంగా మొదలై లోపలికి వెళ్లాక వంకర తిరిగిన పగులు ఉష్ణోగ్రతల తేడా వల్ల వచ్చినది. ఎండ తగిలే నడిమి భాగం వేడెక్కి, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండిపోతే ఇలా జరుగుతుంది. రెండు రంగులు కలిసే గీత వెంబడే పగులు నడిచిందంటే ఆ రెండు గాజులకు పొత్తు కుదరలేదని, అంటే వేడికి అవి ఒకేలా సాగవని అర్థం. పలకను అడ్డంగా చీల్చుకుంటూ, రెండు కొసలా కొక్కెంలా వంగిన పొడవాటి పగులు సాధారణంగా ఎనీలింగ్ (కరిగించిన గాజును ఒక వేడి దగ్గర నిలిపి నెమ్మదిగా చల్లార్చడం) లోపాన్ని చూపిస్తుంది. ఒకే చుక్క నుంచి నక్షత్రంలా విచ్చుకుంటే అక్కడ గాజుకు గట్టి వస్తువేదో ఆనుకుని ఉంది: ఒక మేకు తల కావచ్చు, ఫ్యూజ్డ్ గాజు అడుగున పొడుచుకొచ్చిన బొడిపె కావచ్చు. పొలుసుల్లాంటి పెచ్చులు మాత్రం రెజిన్ ముడుచుకోవడం వల్లనే వస్తాయి.

ఈ అయిదింటిలో రెజిన్ నేరుగా చేసే హాని ఒక్కటే. మిగిలినవి రెజిన్ పోయకముందే గాజులోనో అంచులోనో ఫ్రేములోనో పొంచి ఉంటాయి.

రెజిన్ ఎంపిక

ఒక మీటరు పొడవున్న గాజు ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 9 మైక్రాన్లు పెరుగుతుంది. అదే పొడవున్న ఎపాక్సీ 50 నుంచి 70 మైక్రాన్లు, సిలికోన్ 200 నుంచి 300 మైక్రాన్లు పెరుగుతాయి. ఈ అంకెలు మాత్రమే చూస్తే సిలికోన్ ఎక్కువ ప్రమాదకరం అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. అయితే ఆరిన ఎపాక్సీ బిగువు, అంటే సాగదీస్తే లొంగని గట్టిదనం, దాదాపు 3 గిగాపాస్కల్స్ ఉంటే, మెత్తని సిలికోన్ బిగువు ఒకటి నుంచి మూడు మెగాపాస్కల్స్, అంటే దాదాపు వెయ్యి రెట్లు తక్కువ. నాలుగైదు రెట్లు ఎక్కువ సాగినా వెయ్యి రెట్లు తక్కువ బలంతో లాగే పదార్థం గాజుకు కీడు చేయలేదు.

దీనికి తోడు రెజిన్ ఆరేటప్పుడు ముడుచుకోవడం ఉంది. పాలియెస్టర్ రెజిన్ ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా ముడుచుకుంటుంది కాబట్టి ఈ పనికి దాన్ని తలపెట్టవద్దు. ఎపాక్సీ ముడుచుకునేది తక్కువే అయినా గట్టిపడ్డాక ఆ కొద్దిపాటి ముడుచుకోవడమే పెచ్చులు లేపడానికి చాలు. గది వేడిలో ఆరే చాలా ఎపాక్సీలు 50 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడడం మొదలుపెడతాయి, ఎండలో పసుపెక్కుతాయి. మే నెలలో పడమటి కిటికీలోని ముదురు నీలం గాజు అంత వేడిని తేలికగా దాటుతుంది. అప్పుడు ఎపాక్సీ పగలు మెత్తబడి, రాత్రి గట్టిపడి, గాజును రోజుకొక లాగుడు లాగుతుంది.

అందువల్ల నా ఓటు పారదర్శకమైన రెండు భాగాల అడిషన్ క్యూర్ (రెండు భాగాలు కలిస్తే చాలు, గాలి తేమ అక్కరలేకుండా ఆరే) సిలికోన్‌కు. అది ముడుచుకునేది 0.1 శాతం లోపే. రెండో ఎంపికగా మెత్తని అలిఫాటిక్ (ఎండకు అంతగా పసుపెక్కని రకం) పాలియురేథేన్ వాడవచ్చు, కానీ గాలిలోని తేమతో అది చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది. సముద్రపు గాలి వీచే ఊళ్లో దానితో పని చేయాలంటే గట్టి గుండె కావాలి. హార్డ్‌వేర్ కొట్లలో గొట్టాల్లో దొరికే, వెనిగర్ వాసన వచ్చే ఒక భాగం సిలికోన్ పలకల మధ్య పరచడానికి పనికిరాదు. అది గాలిలోని తేమ తగిలిన అంచు నుంచి లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే ఆరుతూ వెళుతుంది, పైగా ఆ కొద్ది తేమ కూడా నడిమికి చేరదు.

సిలికోన్‌కు ఒక లోటు ఉంది, ముందే చెప్పడం న్యాయం. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం గాజుకు 1.52, సిలికోన్‌కు 1.41; ఇవి ఎంత దగ్గరగా ఉంటే గాజు మీది గరుకు అంత తక్కువగా కనబడుతుంది. ఎపాక్సీ పోస్తే, కరిగేటప్పుడు గాజు కింద ఉండే ఫర్నేసు పలక అచ్చు వల్ల గాజు అడుగున వచ్చిన మసక కనబడకుండా పోతుంది. సిలికోన్ కింద అది పలచగా కనిపిస్తూనే ఉంటుంది. నిగనిగలాడే అడుగు కావాలనుకుంటే దాన్ని ముందే పాలిష్ చేయించుకోవాలి.

మొదటి దశ: ఫర్నేసులోనే జాగ్రత్త

వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే 90, 96 అనే విస్తరణ అంకెలున్న గాజులను ఒకే పలకలో కలపకూడదు. కిటికీ అద్దాల తుక్కును ఈ రెండింటిలో దేనితోనూ కలపకూడదు. చల్లారిన తరువాత బాగానే కనిపించి, రెజిన్ బిగిశాక ఎప్పుడో చిట్లేది ఇలాంటి కలయికే.

ఎనీలింగ్‌లో తొందరపడితే తరువాత ఎంత మంచి రెజిన్ వాడినా ప్రయోజనం లేదు. 90 గాజుకు, దాన్ని తయారుచేసే బుల్స్‌ఐ సంస్థ వారి పట్టిక ప్రకారం, 12 మి.మీ. మందానికి 482 డిగ్రీల వద్ద 2 గంటలు నిలిపి, గంటకు 55 డిగ్రీల చొప్పున 427 దాకా, తరువాత గంటకు 99 చొప్పున 371 దాకా దించాలి. 19 మి.మీ.కి 3 గంటలు నిలిపి, గంటకు 25, ఆపై 45 చొప్పున దించాలి. 96 గాజులకు నిలిపే ఉష్ణోగ్రత 510 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి తయారీదారు పత్రాన్ని చూసుకోవాలి. పైన ముక్కలు ఉబ్బెత్తుగా నిలిచేలా సగం కరిగించిన పలకలో మందం అంతటా ఒకేలా ఉండదు. అన్నింటికన్నా మందమైన చోటును కొలిచి, దానికి రెట్టింపు మందం ఉన్నట్టు లెక్కవేసుకోవాలి. 9 మి.మీ. ఉబ్బు ఉంటే నేను 19 మి.మీ. పట్టికనే వాడుతాను.

మధ్యలో కరెంటు పోతే తలుపు తెరిచి చూడాలన్న ఆత్రాన్ని అణచుకోండి. కరెంటు వచ్చాక తొందర లేకుండా మళ్లీ ఎనీలింగ్ ఉష్ణోగ్రతకు ఎక్కించి, నిలిపే సమయాన్ని మొదటి నుంచి లెక్కపెట్టాలి.

రెండో దశ: లోపలి ఒత్తిడిని కంటితో చూడడం

చెడిపోయిన ఎల్‌సీడీ మానిటర్ నుంచి పోలరైజర్ ఫిల్ములను (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే దాటనిచ్చే షీట్లను) జాగ్రత్తగా ఒలిస్తే రెండు షీట్లు దొరుకుతాయి. ఒకదానిపై మరొకదాన్ని పెట్టి, వెనుక దీపం ఉంచి, వెలుగు పూర్తిగా ఆగేదాకా ఒకదాన్ని తిప్పాలి. ఆ చీకటిలో, రెండు షీట్ల నడుమ మీ గాజును దూర్చండి. ఒత్తిడి లేని గాజు చీకటిగానే ఉంటుంది. ఒత్తిడి ఉన్నచోట తెల్లని వెలుగు పుట్టి, రంగు ముక్క చుట్టూ పరివేషంలా నిలుస్తుంది. అంచు వెంబడి సన్నని వెలుగు కనిపిస్తే మళ్లీ ఎనీల్ చేస్తే పోతుంది. రంగు ముక్క చుట్టూ మాత్రమే ప్రకాశవంతంగా ఉండి, మళ్లీ ఎనీల్ చేసినా పోకపోతే అది పొత్తు కుదరని గాజు. ఆ పలకను రెజిన్ దాకా తీసుకురావద్దు. వెలుగు దాటని గాజుకు ఈ పరీక్ష పనిచేయదు. అందులోని ప్రతి రంగు నుంచి చిన్న ముక్క తీసి, ఒక పారదర్శకమైన పట్టీ మీద కరిగించి, ఆ ముక్కల చుట్టూ చూడాలి.

మూడో దశ: అంచులు, అడుగు

పగులుకు పుట్టిల్లు అంచు. ఫ్యూజ్డ్ గాజు అంచులోని సూది మొనలను, కోతలో వచ్చిన పెచ్చులను నీళ్లు పోస్తూ డైమండ్ ప్యాడ్‌తో 120, 220, 400 నంబర్ల వరుసలో రుద్ది, గోరు ఎక్కడా తట్టుకోనంత నునుపు చేయాలి. వెనుక అద్దాన్ని టఫెనింగ్‌కు పంపక ముందే కొలతకు కోయించి, అంచులు రుద్దించి, రంధ్రాలుంటే వేయించాలి. టఫెన్ అయిన అద్దాన్ని కోయబోతే అది గింజలు గింజలుగా రాలిపోతుంది. మామూలు అద్దం ఒకే పలకలో 30 నుంచి 40 డిగ్రీల తేడాకే పగిలే అవకాశం ఉంది కనుక, ఎండ తగిలే చోట వెనుక అద్దం టఫెండ్‌దే కావాలి.

అడుగున నేరుగా ఉండే ఒక బద్ద అంచును పెట్టి చూడండి. బొడిపెలుంటే రుద్దేయాలి, పలక వంగి ఉంటే, ఆ వంపుపై కనీసం 2 మి.మీ. రెజిన్ ఉండేలా మందం పెంచుకోవాలి. గాజు గాజుకు తగిలితే అక్కడే నక్షత్రం పుడుతుంది.

నాలుగో దశ: శుభ్రత, తేమ

ఫర్నేసు పలక నుంచి అంటుకున్న తెల్లని పొడి, అంటే కేయోలిన్, అల్యూమినా కలిసిన పూత, కంటికి కనిపించకుండా కూడా మిగిలి ఉండవచ్చు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీళ్లలో కలిపి, అందులో పలకను గంటసేపు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో తోమాలి. లేకపోతే రెజిన్ అంటుకునేది గాజుకు కాదు, ఆ పొడికి.

మా షెడ్డు కిటికీ ఒక్కరాత్రి తెరిచి ఉంచినా బల్ల మీది అద్దంపై ఉప్పు జిడ్డు పేరుకుంటుంది. అందుకే కుళాయి నీళ్లతో కడిగాక డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడవాలి. శుభ్రత తెలియడానికి డిస్టిల్డ్ వాటర్‌ను గాజు మీద పోసి, నిలబెట్టి చూడండి. నీరు తెరలా జారిపోతే సరే. తామరాకు మీది బొట్టులా విడివిడిగా నిలిస్తే జిడ్డు మిగిలినట్టే. దీని తరువాత ఉత్త చేతులతో ముట్టకూడదు. రెజిన్ తయారీదారు సూచించిన ప్రైమర్ (పట్టు పెంచే పూత) ఏదైనా ఉంటే ఇప్పుడే పలచగా పూసి ఆరనివ్వాలి.

ఏసీ గదిలో ఉంచిన గాజును బయటి షెడ్డులోకి తెచ్చి వెంటనే పని మొదలుపెట్టడం మన దగ్గర తరచు జరిగే పొరపాటు. గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున 27 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువైనా చెమరుస్తుంది. ఆ సన్నని తడి కంటికి కనబడకపోయినా పట్టు తప్పిస్తుంది. గాజు, రెజిన్, గది మూడూ ఒకే వేడికి వచ్చేదాకా రాత్రంతా ఒకేచోట ఉంచడం ఉత్తమం. కార్తీకం దాటాక మాఘం దాకా ఉండే పొడి ఉదయాలు ఈ పనికి అనువైనవి. వానాకాలంలో తప్పనిసరైతే ఏసీ వేసిన మూసిన గదిలోనే మొత్తం పని ముగించాలి.

అయిదో దశ: నమూనా

అదే గాజు, అదే టేపు, అదే రెజిన్‌తో అరచేతి వెడల్పు నమూనా ఒకటి చేయండి. ఆరాక రాత్రి ఫ్రిజ్‌లో, మధ్యాహ్నం మేడ మీద ఎండలో, ఇలా అయిదు రోజులు తిప్పండి. ఫ్రిజ్ నుంచి తీశాక గది వేడికి వచ్చేదాకా ఆగి ఎండలో పెట్టాలి, లేకపోతే మీరు పరీక్షించేది రెజిన్‌ను కాదు, గాజును. అంచు తెల్లబారినా, మూల లేచినా ఆ రెజిన్‌ను వదిలేయండి.

అడిషన్ క్యూర్ సిలికోన్‌కు గంధకం పడదు. లేటెక్స్ చేతితొడుగులు, రబ్బరు బ్యాండ్లు, కొన్ని రకాల టేపుల జిగురు తగిలినచోట అది ఎన్ని రోజులకూ ఆరక బంకలా ఉండిపోతుంది. నైట్రైల్ తొడుగులే వాడాలి; టేపు సంగతి నమూనాలోనే తేలిపోతుంది.

ఆరో దశ: కలపడం, పోయడం

ముందు లెక్క చూసుకుందాం. 900 మి.మీ. పొడవు, 600 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందానికి 1.08 లీటర్లు కావాలి. అడుగు గరుకుదనానికి, గిన్నెలో మిగిలేదానికి కలిపి 1.2 లీటర్లు సిద్ధం చేసుకోవాలి. మందం విషయంలో పిసినారితనం వద్దు. నల్లని గాజు వెనుక అద్దం కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, 900 మి.మీ. పొడవులో అది సుమారు 160 మైక్రాన్లు ఎక్కువ సాగుతుంది, అంటే ఒక్కో కొసన 80 మైక్రాన్లు. 2 మి.మీ. మెత్తని పొరకు ఇది 4 శాతం జారుడు మాత్రమే. అర మిల్లీమీటరు పొరకు 16 శాతం అవుతుంది.

వెనుక అద్దాన్ని బల్లపై పెట్టి, రసమట్టంతో రెండు దిశలా చూసి, అంచు చుట్టూ 2 మి.మీ. మందపు నురుగు టేపు అతికించి గట్టు కట్టాలి. రెండు మూలల్లో గాలి పోయేందుకు సందు వదలాలి. లోపల అక్కడక్కడా ఆనింపుగా, అదే సిలికోన్‌తో ముందే పోసి ఆరబెట్టి కోసిన 2 మి.మీ. ముక్కలను పెట్టాలి, అవి తరువాత పోసిన దానిలో కలిసి కనబడకుండా పోతాయి. ప్లాస్టిక్, గాజు, లోహం ముక్కలు పెట్టడమంటే పగులుకు మీరే చోటు చూపడం.

రెండు భాగాలను డిజిటల్ కాటాపై బరువుతో కొలిచి, అడుగు, పక్కలు గీరుతూ నిదానంగా కలపాలి. వాక్యూమ్ పెట్టె ఉంటే పాత్రను నాలుగో వంతు మాత్రమే నింపాలి, ఎందుకంటే గాలి లాగేటప్పుడు మిశ్రమం పాలపొంగులా మూడు నాలుగు రెట్లు లేస్తుంది. ప్రతి పది డిగ్రీల వేడికి పనిచేసే సమయం దాదాపు సగానికి పడిపోతుంది కనుక మే నెలలో తెల్లవారుజామునే మొదలుపెట్టండి.

మిశ్రమాన్ని పలక నడుమ ఎక్స్ ఆకారంలో పోయాలి. ఎత్తు నుంచి సన్నని ధారగా, తీగపాకం తీగ సాగినట్టు పడితే పెద్ద బుడగలు ఆ ధారలోనే పగిలిపోతాయి. తరువాత ఫ్యూజ్డ్ గాజు ఒక పొడవు అంచును గట్టుకు ఆనించి, పుస్తకం మూసినట్టు రెండో అంచును ఇద్దరు మనుషులు కలిసి దించాలి. దించేటప్పుడు తడి గీత ముందుకు పాకుతూ గాలిని తోసుకుపోతుంది. ఆ గీతకన్నా వేగంగా చేతులు దిగితే గాలి చిక్కుకుంటుంది. అంగుళం దించడానికి అయిదారు సెకన్లు పట్టినా నష్టం లేదు. పలక దానంతట అదే కూర్చోవాలి. పైన ఇటుకలు, బరువులు పెడితే గాజు వంగిన స్థితిలో బిగిసి, ఆ వంపును జీవితాంతం మోస్తుంది. ఒకనాడు దించుకోవాలని చూస్తుంది.

పూర్తిగా ఆరడానికి తయారీదారు చెప్పిన సమయానికి మరో రోజు కలిపి వదిలేయండి. తొందరగా ఆరాలని హీట్ గన్ పట్టడం, ఎండలో పెట్టడం చేయకూడదు.

ఏడో దశ: ఫ్రేము

ఇంత చేసి ఫ్రేములో పోగొట్టుకున్న పలకలు నాకు రెండున్నాయి. టేకు ఫ్రేము వానాకాలంలో ఉబ్బుతుంది. వడ్రంగి అతుకు బిగువుగా ఉండాలని గాజును ఇరికిస్తాడు. ఆయన చెక్కకు అది పనితనమే, గాజుకు మాత్రం ఉరి. చుట్టూ 5 మి.మీ. ఖాళీ ఉండాలని ముందే రాసి ఇవ్వాలి. ఆరో దశలో చెప్పిన కొలతలో 8 మి.మీ. వెనుక అద్దం, సగటున 9 మి.మీ. ఫ్యూజ్డ్ గాజు కలిస్తే పలక దాదాపు 24 కిలోలు తూగుతుంది. ఆ బరువును అడుగు అంచులో రెండు కొసల నుంచి పావు వంతు దూరంలో పెట్టిన రెండు సిలికోన్ దిమ్మలు మోయాలి. దిమ్మ వెడల్పు వెనుక అద్దానికీ ఫ్యూజ్డ్ గాజుకూ కలిపి ఆనాలి. బీడింగ్ మేకులు అంచుకు ఎక్కడా తగలరాదు. నీరు నిలవకుండా అడుగు పట్టీలో రెండు రంధ్రాలు వేయాలి.

సముద్రం వైపు తెరిచిన కిటికీల్లో ఈ పలకను నేరుగా బయటి అద్దంగా పెట్టవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో ఎన్నో భవనాల అద్దాలు పోయాయి. మెత్తని సిలికోన్ పొర పీవీబీ ల్యామినేషన్‌కు (పగిలినా ముక్కలు రాలకుండా రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించడానికి) బదులు కాదు. బయట ప్రమాణాలకు సరిపడే ల్యామినేటెడ్ అద్దం పెట్టి, దాని లోపలి వైపున, మధ్య గాలి ఆడేలా కళా పలకను నిలపాలి. తల మీద వేలాడే పైకప్పుకైతే ఈ పద్ధతి వాడనే వాడకండి.

ఆ తరువాత

మొదటి వానాకాలం గడిచాక టార్చి పక్కవాటుగా వేసి అంచులు చూడండి. పాలలా తెల్లబారిన గీత లోపలికి పాకుతుంటే నీరు చేరిందని అర్థం. ఫ్రేము విప్పి, ఆరబెట్టి, ఆ మేరకు సిలికోన్‌ను గీరి తీసి మళ్లీ నింపవచ్చు. ఎప్పుడైనా ఫ్యూజ్డ్ గాజు పగిలినా వెనుక అద్దాన్ని పారేయనక్కరలేదు. గిటారు సన్న తీగకు రెండు కొసలా చెక్క పిడులు కట్టి, మెత్తని పొరలోకి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగుతూ పోతే రెండు పలకలు విడిపోతాయి. పూజగది తలుపుకు రెండోసారి చేసిన పలకను ఫ్రేము మార్చినప్పుడు ఇలాగే విడదీసి మళ్లీ అతికించాను. మొదటి పలకలోని పొలుసుల గాజు ముక్కలు మాత్రం ఎపాక్సీతో సహా ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదటి రోజున వాటినే చూపిస్తాను.